మా మామ చేతికి రిమోటు

మా మామ లింగమూర్తి జీవితంలో ఇంకొకరి చేతికి ఇవ్వనివి రెండే. ఒకటి మగ్గం, రెండోది టీవీ రిమోటు. మగ్గం సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. రిమోటు సంగతి నాకు ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. సీరియల్లో ఒక అత్త కోడలి పాలగ్లాసులో ఏదో పొడి కలుపుతుండగా మామ వచ్చి, కుర్చీలో కూర్చుని, ఛానల్ మార్చేశాడు. ఆ కోడలు బతికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన పుట్టింది దుబ్బాకలో. తువ్వాళ్లతో నేత మొదలుపెట్టి, మీసాలొచ్చే వయసుకు మహారాష్ట్రలోని భీవండికి పోయి, పవర్‌లూముల మీద కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. సిద్దిపేటలో గొల్లభామ చీరెలు నేసే పెద్దమనిషి దగ్గర పనికి కుదిరి, పనితో పాటు ఆయన కూతుర్ని కూడా సంపాదించుకున్నాడు. ఆ కూతురే మా అత్త అనసూర్య. పెళ్లయినప్పటి నుంచి ఆమె నూలు కండెలు చుట్టేది, ఆయన నేసేవాడు. ఆయన ఊళ్లో లేని రోజు మాత్రమే ఆమె మగ్గం ఎక్కేది. తిరిగొచ్చాక ఆమె నేసిన జానెడు బట్టను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, ఏమీ అనకుండా ఉంటే బాగుందని లెక్క, పోగు తెగి ఉంటే తిట్లే.

ఇల్లు చిన్నది. ముందు గదిలో టీవీ, వెనక గదిలో గుంట మగ్గం. నేలలో తీసిన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తారు. పోయిన ఎండాకాలం ఒక పొద్దున ఆ గుంటలోనే మామ కుడి పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. మిగిలింది ఎడమ చెయ్యి, 'ఊఁ' అనే ఒక్క చప్పుడు.

దవాఖాన నుంచి పంపేటప్పుడు డాక్టరు ఒక మాట చెప్పాడు. "ఊరికే గోడకేసి చూస్తూ పడుకోనివ్వకండి. మెదడుకు ఏదో ఒక పని ఉండాలి." ఆ పని టీవీయేనని మా అత్తకు ఒక్క క్షణంలో తట్టింది. మాకూ అదే తట్టింది. మామకు టీవీ అంటే ఎంత ఇష్టమో ఇంటిల్లిపాదికీ తెలుసు కదా. ముందు గదిలో ఆయన మంచం వేశాం, ఎదురుగా టీవీ పెట్టాం. మాత్రలు పూటకొకటి, టీవీ మాత్రం పొద్దంతా. వెనక గదిలో ఇప్పుడు మామ బదులు మగ్గం నేస్తున్న అత్తకు కూడా వినపడాలి కాబట్టి సౌండు కొంచెం పెంచేవాళ్లం.

మామ ఊరుకోలేదు. 'ఊఁ' అనేవాడు. అత్త పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెను నేస్తున్న చోటే వదిలేసి, నేల మీద చేతులూని, గుంటలోంచి కాళ్లు బయటికి తీసి, మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చేది.

"ఏందయ్యా? వార్తలు వెట్టాల్నా?"

"ఊఁ."

"దేవునిది వెట్టాల్నా?"

"ఊఁ."

"మరి పాటలా?"

"ఊఁ!"

అత్త టీవీ కింది మీటను వేలితో తడిమి, ఏదో ఒకటి మార్చి వెళ్లేది. గుంటలో కాళ్లు పెట్టేలోపు మళ్లీ 'ఊఁ'. ఒక చీరె మగ్గం మీద నుంచి దిగడానికి పట్టే కాలం రెండింతలయింది. అత్త ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేను విసుక్కున్నాను. పాత బస్టాండు దగ్గర బట్టల దుకాణంలో బిల్లింగ్ కౌంటరు మీద పొద్దంతా నిలబడి వచ్చే మనిషికి ఎవరు 'ఊఁ' అన్నా కోపం వస్తుంది.

కానీ ఒకరోజు మామ మొహం చూశాను. అత్త ఛానల్ మార్చి వెనక్కి తిరిగిన తర్వాత ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎడమ కంట్లోంచి నీళ్లు చెవిలోకి కారాయి. ఎవర్నీ చెయ్యి చాచి ఏదీ అడగని మనిషి, గంటకోసారి అడుక్కోవాల్సి వస్తోంది. అడిగినా దొరకడం లేదు. నా కోపం అక్కడితో చచ్చిపోయింది. ఈ మనిషికి ఒక్క పనైనా తన చేత్తో తను చేసుకునేలా చెయ్యాలి అనుకున్నాను.

ఇంట్లో ఉన్న రిమోటు వానకాలంలోనే గంజిలో పడి పాడైపోయింది. నూలుకు పట్టించడానికి అత్త కాచిన గంజి గిన్నె మంచం పక్కన చల్లారుతుంటే, మామ ఎడమ చేతిలోంచి రిమోటు జారి అందులో మునిగింది. అత్త దాన్ని కడిగి ఎండలో పెట్టింది. గంజి పెట్టిన చొక్కాలాగా బటన్లన్నీ బిర్రబిగిసిపోయాయి. ఇంకో రిమోటు కొన్నా లాభం లేదు. మామ ఎడమ బొటనవేలు ఒకేసారి మూడు బటన్ల మీద పడుతుంది.

మా ఆయన బాలరాజుది కూడా భీవండిలో పవర్‌లూము మీదే పని. దసరా అయిన వారానికి వీడియో కాల్‌లో ఈ సంగతంతా విని, తనకు తెలిసిన దారి తను చూశాడు. ఆన్‌లైన్‌లో ఒక స్మార్ట్ రిమోటు పంపించాడు.

అది సగానికి కోసిన లడ్డూ అంత నల్లటి డబ్బా. దాన్ని చార్జరుకు పెట్టి, వైఫైకి కలిపి, టీవీకి ఎదురుగా ఉంచాలి. మన ఫోన్లో పెద్దపెద్ద బటన్లు వస్తాయి. అక్కడ నొక్కితే డబ్బా కంటికి కనపడని వెలుగు ఒకటి టీవీ మీదికి వదులుతుంది. టీవీ ఆ వెలుగును పట్టుకుని చెప్పినట్టు వింటుంది. బాలరాజు పాత ఫోను ఒకటి ఇంట్లో ఉంది. దానికి రబ్బరు కవరు తొడిగి, నాడాతో ఇనప మంచం కోడుకు కట్టాను.

ఎదురింటి రాములవ్వ వచ్చి డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "దోమల మందా?" అని అడిగింది.

"టీవీ రిమోటు, అవ్వా."

"దీనికి బటన్లేవి?"

"బటన్లు ఫోన్ల ఉంటయి."

"మరి ఫోన్ల టీవీ కూడ ఉంటది గదా. గిదెందుకు?"

నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను. ఆమెకు జవాబు చెప్పడం మొదలుపెడితే వంట కాదు.

మొదటి రోజు డబ్బా వైఫైని పట్టుకోలేదు. వైఫైలో రెండు రకాలు ఉంటాయట, ఈ డబ్బాకు పాత రకమే కావాలట. బాలరాజు వీడియో కాల్‌లో, వెనక లూములు దడదడలాడుతుంటే, అరుస్తూ చెప్పాడు. నేను అరుస్తూ విన్నాను. చివరికి నీలం దీపం వెలిగింది. మామ ఎడమ చేతిలో ఫోను పెట్టాం. ఆయన ఆత్రంగా బొటనవేలితో నొక్కాడు. ఫోను 'పంపించాం' అంది. టీవీలో బాబాగారు ప్రవచనం చెప్పుకుంటూ పోయాడు.

మామ మళ్లీ నొక్కాడు. ఫోను మళ్లీ పంపించింది. బాబాగారికి ఏమీ అందలేదు.

రెండో రోజు తప్పు టీవీదని తేలింది. మా టీవీ కంపెనీ పేరు ఫోన్లో వచ్చే కంపెనీల జాబితాలో లేదు. ఎగ్జిబిషన్ స్టాలులో, మామ, రాములవ్వ భర్త ఇస్తారి కలిసి బేరమాడి చెరొకటి కొన్న టీవీలు అవి. కంపెనీ పేరు జాబితాలో లేకపోతే ఫోను టీవీకి ఒక్కో కోడ్ నంబరు పంపి, 'టీవీ విన్నది ఈ కోడేనా?' అని అడుగుతుంది. కాదు అని నొక్కాలి. ఇంకోటి పంపుతుంది. కాదు. ఇంకోటి. నేను స్టూలు మీద కూర్చుని కాదు, కాదు అని నొక్కుతూనే ఉన్నాను. మామ నా చేతికేసే చూస్తున్నాడు. ఒక్కో 'కాదు'కూ ఆయన మొహం కొంచెం కొంచెం వాడిపోతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పుడు రాములవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"సిందూ, మా టీవీ దానంతటదే బందయితుంది. నేను వెడుత, అది బందయితది. మీ కరెంటు కూడ గట్లనే ఉన్నదా?"

నేను చేతిలోని ఫోను చూశాను. మా తలుపు చూశాను. ఇరుకు గల్లీ, రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. డబ్బా పెట్టిన అలమారకు తిన్నగా రాములవ్వ టీవీ కనపడుతోంది. అదే కోడు మళ్లీ నొక్కాను. ఎదురింట్లో టీవీ వెలిగింది. ఇంకోసారి నొక్కాను. ఆరిపోయింది. మా డబ్బా బ్రహ్మాండంగా పనిచేస్తోంది, కాకపోతే ఎదురింట్లో.

బాలరాజుకు చెప్తే ఎగిరి గంతేశాడు. "రెండు టీవీలు ఒక్కటే కంపెనీ గదా! కోడు దొరికినట్టే. మనది గూడ నడవాలె."

"నడుస్తలేదు."

"డబ్బా జరిపి చూడు."

జరిపాను. టీవీకి మూరెడు దూరంలో పెట్టాను. జానెడు దూరంలో పెట్టాను. ఎదురింటి టీవీ వినే మాట మా టీవీ వినలేదు. సౌండు మాత్రం తగ్గకుండా మోగుతూనే ఉంది.

ఆదివారం, బాలరాజును నా ఫోన్లో వీడియో కాల్‌లో ఉంచి, సెల్‌ఫోన్ల దుకాణం ప్రవీణ్‌ను పిలిచాం. మాకు దూరపు చుట్టం, అత్తను పెద్దమ్మా అని పిలుస్తాడు. వచ్చీ రాగానే ఒక మామూలు రిమోటు సంచిలోంచి తీసి నొక్కాడు. అది కూడా పనిచేయలేదు.

"పెద్దమ్మా, డబ్బా మంచిగనే ఉన్నది. టీవీదే తప్పు. కింద ఎర్ర లైటు గూడ కనవడ్తలేదు. సెన్సార్ పోయినట్టుంది. రిమోటు ఎలుగును పట్టుకునే కన్ను అన్నట్టు. బోర్డు ఇప్పితే గాని తెల్వదు."

మామ ఫోను గట్టిగా పట్టుకుని వింటున్నాడు. బోర్డు అనగానే పట్టు వదిలేశాడు. ఫోను నాడాకు వేలాడింది. ఆ చెయ్యి చూసి అత్త పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

ప్రవీణ్ స్క్రూడ్రైవరు తీసుకుని, ఫోను టార్చి వేసి టీవీ కిందికి వంగాడు. అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత టార్చి ఆపేసి, స్క్రూడ్రైవరు సంచిలో పెట్టేసుకున్నాడు.

"పెద్దమ్మా, గీ బొట్టు ఎవరు వెట్టిన్రు?"

టీవీ చట్రం కింది భాగంలో, సరిగ్గా మధ్యన, గంధంలో పసుపు కలిపి దళసరిగా పెట్టిన బొట్టు ఉంది. దాని మీద కుంకుమ. ఎండి, పెచ్చు కట్టి ఉంది. దసరా నాడు ఆయుధ పూజకు పెట్టింది. ఏటా మామే పెట్టేవాడు, మొదట మగ్గానికి, తర్వాత ఇంట్లో ఉన్న ప్రతి సామానుకు. ఈసారి అత్త పెట్టింది. మగ్గానికి, గ్యాసు పొయ్యికి, ఫ్రిజ్‌కు, నా స్కూటీకి, మామ చేతికర్రకు. టీవీకి సన్నటి చట్రం కదా, ఆ మధ్యలోనే కొంచెం వెడల్పు జాగ ఉంది. కంపెనీ వాళ్లు ఆ జాగ ఎందుకు ఉంచారో ఆమెకేం తెలుసు! సెన్సారును, ఎర్ర లైటును కలిపి ఒకే బొట్టుతో కప్పేసింది.

ప్రవీణ్ దాన్ని గోటితో గీకేస్తే అయిపోయేది. అతను గీకలేదు. నాకేసి చూశాడు. నేను అత్తకేసి చూశాను.

"తుడువద్దు," అంది అత్త.

ఆమె గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. దసరా నుంచి ఇంట్లో ఏ బొట్టునూ ఆమె చెరగనివ్వలేదు. పొయ్యి తుడిచినా బొట్టు వదిలి చుట్టూ తుడిచేది. నా స్కూటీని వాన తడిపితే పరుగెత్తుకొచ్చి మళ్లీ పెట్టింది. నేను దాన్ని చాదస్తమని అనుకున్నాను. అది భయం. మంచంలో భర్త ఉండగా తన చేత్తో ఒక్క బొట్టు తుడిచినా, అది తన నుదుటి దాకా వస్తుందని ఆమె భయం.

"అవ్వా, గది టీవీయే," అన్నాడు బాలరాజు తల్లితో, నా ఫోన్లోంచి.

"నువ్వు ఊకో!" అంది అత్త.

టీవీలో ఎవరో ఉల్లిపాయలు ఎలా తరగాలో పెద్ద గొంతుతో చెప్తున్నారు. ప్రవీణ్ నేల చూస్తున్నాడు. మామ వేలాడుతున్న ఫోనును ఎడమ చేత్తో మళ్లీ అందుకోబోయి, అందక, ఆపేశాడు. అత్త అది చూసింది. ఒకవైపు ఆ చెయ్యి, ఇంకోవైపు ఆ బొట్టు. ఆమె ఎటూ కదలలేక నిలబడిపోయింది.

కదిలింది రాములవ్వ. ఆమె ఎప్పుడొచ్చిందో మేం చూడలేదు. గడప మీద కూర్చుని ఉంది.

"అనసూర్యా, తుడుసుడు ఏరు, జరుపుడు ఏరు."

అత్త తిరిగి చూసింది.

"మా ఇస్తారి పోయిన పదకొండో నాడు నన్ను కూసోవెట్టి తుడిచిన్రు సూడు, గది తుడుసుడు. మల్ల వెట్టుకునేది లేదు. గిది గట్ల గాదు. ముందుగాల పక్కపొంటి కొత్తది వెట్టు. గది వెట్టినంక పాతది తియ్యి. టీవీకి బొట్టు లేని గడియ ఒక్కటి గూడ ఉండది. గదాంట్ల దోషమేముంది? నాకన్న ఎక్వ నీకు తెల్సా?"

రాములవ్వ మొహంలో బాధ లేదు, గొప్ప లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. కానీ ఆ మాట ఆమె కాక ఇంకెవరు చెప్పినా మా అత్త వినేది కాదు.

అత్త వెళ్లి చేతులు కడుక్కుంది. కుంకుమ భరిణె తెచ్చింది. టీవీ చట్రం మీద కుడి మూలన, పెద్దగా, కొత్త బొట్టు పెట్టింది. అది సరిగ్గా నిలిచిందో లేదో వంగి చూసింది. అప్పుడు తడి తువ్వాలు కొసతో, కళ్లు మూసుకుని, పాతది తీసింది. ప్రవీణ్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. గుండె ఆపరేషనప్పుడు కూడా అంత బిగబట్టరేమో. పసుపు పెచ్చు ఊడి తువ్వాలులో పడింది. దాని కిందనుంచి బియ్యపుగింజంత ఎర్ర దీపం బయటపడింది.

నేను ఫోను మామ చేతిలో పెట్టాను. ఆయన నొక్కాడు.

టీవీ ఆరిపోయింది.

"వచ్చింది, వచ్చింది!" అని ప్రవీణ్ అరిచాడు. తర్వాత, "కాకపోతే బందు బటన్ నొక్కినవ్ పెద్దబాపూ," అని టీవీ కింద మీట నొక్కి మళ్లీ పెట్టాడు. ఉల్లిపాయలు మళ్లీ మొదలయ్యాయి.

మామ నొక్కాడు. టీవీ ఆరిపోయింది.

"బాపుకు బటన్లు సమజైతలేవు," అన్నాడు బాలరాజు భీవండి నుంచి. "సిందూ, ఛానల్‌ది ఏదో సూపెట్టు."

నేను టీవీ పెట్టి, వంగి, ఛానల్ బటన్ మీద మామ వేలు ఉంచబోయాను. ఆయన ఎడమ చేత్తో నా చెయ్యి పక్కకు నెట్టేశాడు. గట్టిగానే నెట్టాడు. ఎర్ర బటన్ వెతుక్కుని, దాని మీద వేలు పెట్టి, నొక్కాడు. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

అత్త మంచం దగ్గరికి వచ్చి, ఆయన మొహంలోకి చూసింది.

"నీకు టీవీ వద్దా?"

"ఊఁ," అన్నాడు మామ.

ఇన్ని నెలలుగా ఆయన అంటున్నది ఇదే. వార్తలు, దేవుడు, పాటలు, మేం ఏది అడిగినా ఆయన ఒకటే చెప్తూ వచ్చాడు, ఆపెయ్యమని. ఆపడం తప్ప మిగతావన్నీ చేశాం మేము. నాకు తల ఎక్కడైనా కొట్టుకోవాలనిపించింది. బాలరాజు ఫోన్లో, "ఏమైందే, బాపు ఏం సూస్తుండు?" అని అడుగుతున్నాడు.

"ఏం సూస్తలేడు. బందు వెట్టిండు," అని చెప్పి కాల్ కట్ చేశాను.

"భీవండికెంచి గా లూముల సప్పుడు పడకనే వచ్చిండు," అంది అత్త, ఎవరితో అంటోందో తెలియకుండా. "చెవులల్ల సీసం పోసినట్టుంటదని అనెటోడు. గిసొంటోనికి పొద్దంత గిది వెట్టినం." ఆయన దిండు సర్దింది. "మరి నేను నేస్తె సప్పుడు గాదా? గది గూడ ఆపాల్నా?"

మామ ఈసారి 'ఊఁ' అనలేదు. ఎడమ చెయ్యి ఎత్తి వెనక గదివైపు చూపించాడు. పో అన్నట్టు.

అత్త వెళ్లింది. గుంటలో కాళ్లు పెట్టింది. నాడె అటూ ఇటూ పోవడం మొదలైంది. ఆ చప్పుడు ముందు గదిలోకి ఎంత స్పష్టంగా వస్తుందో ఆ ఇంట్లోనే ఉంటున్న నాకే అప్పటిదాకా తెలియలేదు. మామ కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని ప్రవీణ్ చెప్పులేసుకున్నాడు.

మామ నిద్రపోలేదు. ఉన్నట్టుండి కళ్లు తెరిచి, ఫోనుతో మంచం కోడు మీద ఠంగుమని కొట్టాడు.

"ఊఁ!"

మగ్గం ఆగింది. ఆయన మళ్లీ కొట్టాడు. మొహం ఎర్రబడింది, ఎడమ దవడ బిగుసుకుంది.

"ఊఁ! ఊఁ!"

నేను వెనక గదిలోకి పరుగెత్తాను. అత్త మగ్గం మీదికి వంగి వెతుకుతోంది. అంచు దగ్గర రెండు పోగులు తెగి ఉన్నాయి. ఆమె చూసుకోకుండా వాటి మీదుగా వేలెడు నేసేసింది. మగ్గం చప్పుడులో మాకు తెలియని ఆ తేడా ముందు గదిలో మామ చెవికి తెలిసింది. ఆ నేతంతా ఒక్కో దారం వెనక్కి లాగి, తెగిన పోగులు వేళ్ల మధ్య పట్టుకుని ముడివేయబోయింది. ముడి పడలేదు. కళ్లనిండా నీళ్లుంటే ముడి ఎట్లా పడుతుంది?

"ఏమైంది అత్తా?"

ముందు గదిలోంచి ఇంకోసారి ఠంగుమంది.

"తిట్టిండే సిందూ," అంది అత్త. "గిన్ని నెలలకు మీ మామ నన్ను తిట్టిండు."